తెరపైకి వచ్చిన పల్లె

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం జీవితచరిత్ర ప్రక్రియకు చెందినది. ప్రసిద్ధుల జీవితంలోని ముఖ్య ఘట్టాలను, వారు చేసిన పనిని, దాని ప్రభావాన్ని తెలిపేదే జీవితచరిత్ర. తెలుగు సినిమా ఇంకా పసిప్రాయంలో ఉన్న రోజుల్లో దానిచేత సమాజానికి పనికివచ్చే మాటలు పలికించిన నిర్మాత, దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం. సినిమా వినోదం కోసమే కాదనీ, నలుగురూ కలిసి ఆలోచించుకోవడానికి కూడా ఉపయోగపడుతుందనీ తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కోతలు అయిపోయిన పొలంలో ఒక పెద్ద డేరా వెలిసేది. పొద్దు గూకే వేళకు చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం బండ్లు కట్టుకొని వచ్చేవారు. తెరకు దగ్గరగా నేల, దాని వెనుక బెంచీలు, ఆ వెనుక కుర్చీలు. ఎవరు కొన్న టిక్కెట్టును బట్టి వారి చోటు. గుడిలో కలిసి నిలబడనివారు, ఒకే బావిలో నీళ్ళు తోడుకోనివారు ఆ డేరా కింద ఒకే తెరవైపు చూస్తూ కూర్చొనేవారు. 1930 తరువాతి సంవత్సరాల్లో డేరా సినిమాలు ఆడిన పల్లెల్లో కనిపించిన దృశ్యం ఇది.

అయితే ఆ తెరమీద కనిపించినవి ఎక్కువగా దేవలోకాలు, రాజసభలు, రాక్షసుల కోటలు. తెలుగులో తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఆ తరువాత చాలాకాలం పురాణకథలే సినిమాలయ్యాయి. అవి జనానికి తెలిసిన కథలు. నాటకాలుగా ఆడి పేరు తెచ్చుకొన్నవి. డబ్బు పెట్టేవారికి భయం తక్కువ. చూడవచ్చినవారి ఊరు, వారి కష్టం, వారి మాట మాత్రం తెరమీదికి రాలేదు. వాటిని తెచ్చినవారిలో మొదటి వరుసలో నిలిచే వ్యక్తి గూడవల్లి రామబ్రహ్మం.

రామబ్రహ్మం 1902లో కృష్ణాజిల్లాలో జన్మించారు. యౌవనంలోనే పత్రికారంగంలోకి వచ్చారు. మద్రాసులో 'ప్రజామిత్ర' అనే వారపత్రికకు సంపాదకుడిగా పనిచేశారు. అది దేశమంతటా గొప్ప కదలిక వచ్చిన కాలం. ఒకవైపు స్వాతంత్ర్యోద్యమం, ఒకవైపు అస్పృశ్యతా నివారణ, మరొకవైపు శిస్తుల భారంతో కుంగిపోయిన రైతుల ఆందోళన. ఈ విషయాలన్నీ పత్రికల్లో చర్చకు వచ్చేవి. కాని పత్రిక చదవడానికి అక్షరం రావాలి. 1931 జనాభా లెక్కలనాటికి మన దేశంలో చదవను, వ్రాయను వచ్చినవారు నూటికి పదిమందికి లోపే. ఎవరి కష్టాన్ని గురించి పత్రిక వ్రాస్తుందో వారికే అది అందని పరిస్థితి. సినిమాకు ఆ అడ్డు లేదు. చూసే కన్ను, వినే చెవి ఉంటే చాలు. పత్రికలో పనిచేసిన రామబ్రహ్మం సినిమావైపు తిరగడంలో ఈ తేడా ఎంతో ముఖ్యమైనది.

1936లో వచ్చిన 'ద్రౌపదీ వస్త్రాపహరణం' చిత్రానికి ఆయన నిర్మాణ నిర్వహణలో పనిచేసి ఆ రంగంలోని మెలకువలు నేర్చుకొన్నారు. ఆ అనుభవం తరువాత తానే చిత్రాలు తీయాలని సంకల్పించారు.

ఒక చిత్రం తయారుకావడానికి నిర్మాత, దర్శకుడు ముఖ్యులు. డబ్బు సమకూర్చడం, నటులను, సాంకేతిక నిపుణులను కుదుర్చుకోవడం, స్టూడియో అద్దెకు తీసుకోవడం, ముడి ఫిల్ము కొనడం, తయారైన చిత్రాన్ని ఊరూరికీ పంపే ఏర్పాటు చూడడం నిర్మాత పనులు. కథను తెరకు తగినట్లు మలచుకొని, నటులచేత నటింపజేసి, చిత్రాన్ని ఒక రూపానికి తేవడం దర్శకుని పని. ఈ రెండు బాధ్యతలూ ఒకరే వహిస్తే కథను ఎన్నుకొనే స్వేచ్ఛ ఆయనదే అవుతుంది. నష్టం వచ్చినా, నింద వచ్చినా అవీ ఆయనవే. రామబ్రహ్మం ఆ స్వేచ్ఛనూ కోరుకొన్నారు, ఆ బరువునూ ఎత్తుకొన్నారు.

చల్లపల్లి జమీందారు కుటుంబానికి చెందిన యార్లగడ్డ శివరామప్రసాద్ అండతో 'సారథి' అనే చిత్రనిర్మాణ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ తీసిన మొదటి చిత్రం 'మాలపిల్ల'. అది 1938లో విడుదలయింది. పేరు వింటేనే ఆనాటి ఛాందసులు ముక్కున వేలువేసుకొన్నారు. దానికి కథ వ్రాసినవారు గుడిపాటి వెంకటచలం. అప్పటికే తన రచనలతో పెద్ద దుమారం లేపిన రచయిత ఆయన. తరువాతి కాలంలో, 1950లో, ఆయన తమిళనాడులోని తిరువణ్ణామలైకి వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు.

కథ ఇది. ఒక పల్లెలో దేవాలయం ఉంది. దాని పెద్ద సుందరరామశాస్త్రి. ఆయన గొప్ప ఆచారవంతుడు. మాలలను గుడిలోకి రానివ్వడు. ఆయన కుమారుడు నాగరాజు మాలపల్లెకు చెందిన శంపాలత అనే పిల్లను ప్రేమిస్తాడు. ఊళ్ళో ఉంటే తమ పెళ్ళి జరగదని తెలిసి, తల్లిదండ్రులను విడిచి, ఆమెతో కలిసి కలకత్తా వెళ్ళిపోతాడు. ఊరు రెండుగా చీలిపోతుంది. ఇంతలో శాస్త్రిగారి ఇల్లు అంటుకొంటుంది. ఆయన భార్య మంటల్లో చిక్కుకొంటుంది. తాకితే మైలపడతామని ఎవరిని దూరంగా ఉంచారో వారిలోని ఒకడే మంటల్లోకి దూకి ఆమెను కాపాడతాడు. శాస్త్రిగారి గుండె కరుగుతుంది. గుడి తలుపులు అందరికీ తెరుచుకొంటాయి. శాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావు, శంపాలతగా కాంచనమాల నటించారు.

ఈ కథ ఆకాశంనుంచి ఊడిపడలేదు. 1936లో తిరువాన్కూరు మహారాజు తన సంస్థానంలోని దేవాలయాల్లోకి అందరికీ ప్రవేశం కల్పిస్తూ ప్రకటన చేశారు. మద్రాసు రాజధానిలో మాత్రం ఆ పోరాటం ఇంకా సాగుతూనే ఉంది. మధురలోని మీనాక్షీదేవి ఆలయంలోకి, అంతవరకు దూరంగా ఉంచినవారు మొదటిసారి ప్రవేశించింది 1939 జూలై 8న. 'మాలపిల్ల' అంతకు ఒక సంవత్సరం ముందే వచ్చింది. నిజంగా గుడి తలుపులు తెరుచుకోకముందే తెరమీద తెరుచుకొన్నాయి. ఆ రోజుల్లో గాంధీజీ వాడుక ననుసరించి 'హరిజనులు' అని పిలిచిన ఈ ప్రజలు ఈనాడు తమను 'దళితులు' అని చెప్పుకొంటున్నారు. ఈనాటి చూపుతో చూస్తే ఆ కథలో ఒక లోటు కూడా కనిపిస్తుంది. మార్పు అంతా పైవాని మనసు కరగడం మీదనే ఆధారపడింది. ఒక మనిషి మంటల్లోకి దూకి తన మంచితనాన్ని రుజువు చేసుకొన్నాకగాని గుడి తెరుచుకోలేదు. గుడిలో అడుగుపెట్టడానికి మనిషి కావడమే చాలదా అన్న ప్రశ్న మిగిలిపోతుంది. అయినా 1938లో ఆమాత్రం చెప్పడం కూడా ఏటికి ఎదురీదడమే.

'మాలపిల్ల'కు మరొక విశేషం ఉంది. అది భాషకు సంబంధించినది. ఆనాటి చిత్రాల్లో పాత్రలు నాటకాల పద్ధతిలో గ్రాంథికం పలికేవి. 'మాలపిల్ల'లో పాత్రలు మనుషులు ఇళ్ళలో మాట్లాడుకొనే వాడుకభాషలో మాట్లాడాయి. ఆ మాటలు వ్రాసినవారు తాపీ ధర్మారావు. ఆయన 1887లో బరంపురంలో జన్మించారు. పర్లాకిమిడిలో చదువుకొనేటప్పుడు వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు రామమూర్తి ఆయనకు గురువు. ఈ రెండు ఊళ్ళూ నేడు ఒడిశా రాష్ట్రంలో ఉన్నాయి. పర్లాకిమిడిలో గురువు నాటిన విత్తనం మద్రాసు స్టూడియోలో శిష్యుని కలంద్వారా మొలకెత్తింది. చదువురాని మనిషి కూడా తెరమీది మాటను విని 'ఇది నా మాటే' అనుకోగలిగాడు. పాటలకు కవి బసవరాజు అప్పారావు గీతాలను కూడా వాడుకొన్నారు. ఆ కవి అప్పటికి అయిదేళ్ళ క్రితమే, 1933లో, కన్నుమూశారు. పుస్తకాల్లో ఉన్న ఆయన గీతాలు ఈ చిత్రంతో పామరుల నోటికి కూడా ఎక్కాయి. సంగీతం సమకూర్చినవారు భీమవరపు నరసింహారావు.

చిత్రం విజయవంతమైంది. పురాణకథ కాకపోయినా, జనానికి నచ్చని మాట చెప్పినా చిత్రం ఆడుతుందని తేలింది. మరొకరైతే ఆ విజయంతో తృప్తిపడి, ఈసారి ఏ చిక్కూ లేని కథను ఎన్నుకొనేవారు. రామబ్రహ్మం అంతకంటె ప్రమాదకరమైన కథను చేపట్టారు. అదే 'రైతుబిడ్డ'. అది 1939లో విడుదలయింది.

అప్పటి తెలుగు ప్రాంతాల్లో పెద్దభాగం జమీందారుల ఏలుబడిలో ఉండేది. పంట పండినా ఎండినా రైతు జమీందారుకు శిస్తు కట్టవలసిందే. 1937లో జరిగిన ఎన్నికలలో, మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రి స్థానంలో ఉన్న బొబ్బిలి రాజాను, బరంపురంలో పుట్టిన వి.వి. గిరి ఓడించారు. ఆ తరువాత ఏర్పడిన కాంగ్రెసు ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం జమీందారీ విధానం మీద విచారణ జరిపిన సంఘానికి అధ్యక్షత వహించారు. రాజులు ఓడిపోగలరనీ, ఓటు అనేది రైతు చేతిలోనూ ఉండగలదనీ పల్లెలకు అప్పుడప్పుడే తెలిసివస్తోంది.

'రైతుబిడ్డ' కథలో నర్సిరెడ్డి అనే రైతు ఉంటాడు. ఎన్నికలు వస్తాయి. జమీందారు పక్షాన ఒక అభ్యర్థి, రైతుల పక్షాన ఒక అభ్యర్థి నిలబడతారు. రైతు అభ్యర్థికే ఓటు వేస్తానని నర్సిరెడ్డి మాట ఇస్తాడు. ఆ మాటకోసం ఎన్నో బాధలు పడతాడు. ఓటు అంటే కాగితంమీద వేసే గుర్తు మాత్రమే కాదనీ, దానిని నిలబెట్టుకోవడానికి ధైర్యం కావాలనీ ఆ పాత్ర చూపుతుంది. నర్సిరెడ్డిగా నటించినవారు బళ్ళారి రాఘవ. బళ్ళారిలో న్యాయవాదిగా పనిచేస్తూ రంగస్థలం మీద అఖండమైన కీర్తి సంపాదించిన మహానటుడు ఆయన. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టిన సంస్కర్త కూడా. టంగుటూరి సూర్యకుమారి ఈ చిత్రంలో నటించారు. పల్లెపదాల పోకడ బాగా తెలిసిన కొసరాజు రాఘవయ్యచౌదరి ఈ చిత్రంతోనే సినీకవి అయ్యారు.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. ఈ చిత్రానికి పెట్టుబడి పెట్టిన సంస్థకు అండగా నిలిచినవారు జమీందారు కుటుంబంవారే. జమీందారీ విధానాన్ని విమర్శించే చిత్రానికి డబ్బు జమీందారీనుంచే వచ్చింది! చిత్రనిర్మాణం పుస్తకం వ్రాయడం లాంటిది కాదు. కవికి కాగితం, కలం చాలు. చిత్రనిర్మాతకు ధనం కావాలి. ఆ ధనం సాధారణంగా ఉన్నవారి దగ్గరే ఉంటుంది. ఎవరి డబ్బుతో తీసినా ఎవరి కథ చెప్పాలో తానే నిర్ణయించుకోవడం రామబ్రహ్మం గొప్పతనం. తమ వర్గానికే ఇబ్బంది కలిగించే కథకు అడ్డుచెప్పకపోవడం ఆ పెట్టుబడిదారు గొప్పతనం.

ఇతర జమీందారులు ఊరుకోలేదు. బొబ్బిలి, వెంకటగిరి జమీందారుల పక్షంనుంచి తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. కొన్ని ప్రాంతాల్లో చిత్ర ప్రదర్శన నిలిచిపోయింది. అడ్డుకొన్న చిత్రం ఆడదు. ఆడని చిత్రానికి పెట్టిన డబ్బు తిరిగి రాదు. పత్రికను నిషేధిస్తే ఒక సంచిక పోతుంది. చిత్రాన్ని ఆపితే నెలల తరబడి ఎందరో చేసిన శ్రమ డబ్బాల్లో మూలపడుతుంది. స్వేచ్ఛకు చెల్లించవలసిన వెల ఎంతో రామబ్రహ్మానికి అప్పుడు తెలిసివచ్చింది.

తరువాత ఆయన 'ఇల్లాలు' (1940), 'అపవాదు' (1941), 'పత్ని' (1942), 'పంతులమ్మ' (1943), 'మాయాలోకం' (1945) చిత్రాలకు దర్శకత్వం వహించారు. 'ఇల్లాలు'లో సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి నటించారు. 'పత్ని' తమిళులు భక్తితో తలచుకొనే కణ్ణగి కథ. ఇళంగో అడిగళ్ రచించిన 'శిలప్పదికారం' అనే తమిళ మహాకావ్యంలోని ఆ పతివ్రతను తెలుగు ప్రేక్షకులకు పరిచయం చేసిన చిత్రమిది. ఈ చిత్రాలు తీసిన సంవత్సరాలు రెండవ ప్రపంచ యుద్ధకాలం. ముడి ఫిల్ము విదేశాలనుంచి రావాలి. దానికి కొరత ఏర్పడి, ప్రభుత్వం చిత్రాల నిడివిని తగ్గించింది. ఫిల్ము వాడకంమీద ఆంక్షలు పెట్టింది. అటువంటి చిక్కుల మధ్యనే ఆయన పని సాగించారు. వీటిలో అన్నీ 'మాలపిల్ల'వలె సంచలనం కలిగించలేదు. జానపద కథతో తీసిన 'మాయాలోకం' వంటి చిత్రాలు వేరు త్రోవకు చెందినవి. చిత్రరంగంలో నిలబడాలంటే జనం కోరినదీ ఇవ్వాలి, జనానికి కావలసినదీ ఇవ్వాలి. ఆ రెంటినీ ఒకే చిత్రంలో ఇవ్వడం అన్నివేళలా సాధ్యం కాదు.

ఆయన చివరగా చేపట్టిన చిత్రం 'పల్నాటి యుద్ధం'. పన్నెండవ శతాబ్దంలో పలనాడులో జరిగిన ఆ యుద్ధంలో బ్రహ్మనాయుడు ప్రధానపురుషుడు. అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి 'చాపకూడు' పెట్టించినవాడు, మాల కన్నమదాసును కొడుకుగా చూసుకొని సేనాపతిని చేసినవాడు బ్రహ్మనాయుడని పల్నాటి గాథలు చెబుతాయి. 'మాలపిల్ల'తో దర్శకత్వం మొదలుపెట్టిన రామబ్రహ్మం కడపటి చిత్రానికి ఈ కథనే ఎన్నుకోవడం గమనింపదగినది. చిత్రం పూర్తికాకముందే 1946లో ఆయన మరణించారు. అప్పటికి ఆయన వయస్సు నలభైనాలుగేళ్ళు. మిగిలిన భాగాన్ని ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేయగా, 1947లో చిత్రం విడుదలయింది. 'రైతుబిడ్డ' నర్సిరెడ్డి బళ్ళారి రాఘవ కూడా 1946లోనే కన్నుమూశారు.

మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దుకు చట్టం 1948లో వచ్చింది. అస్పృశ్యతను నిషేధించిన మన రాజ్యాంగం 1950లో అమలులోకి వచ్చింది. ఈ రెంటినీ రామబ్రహ్మం చూడలేదు. చట్టాలను తెచ్చింది ప్రజల పోరాటం. సినిమా కాదు. అయితే ఒక మార్పు చట్టం కావడానికి ముందు అది జనం నోట పడాలి. 'ఇలా ఎందుకు ఉండాలి?' అని ఒకరినొకరు అడగాలి. ఆ ప్రశ్నను పొలంలో వెలసిన డేరా దాకా, నేలమీద కూర్చొన్న మనిషి దాకా తీసుకొనిపోయిన దర్శకుడు రామబ్రహ్మం. ఆట అయిపోయి దీపాలు వెలిగిన తరువాత, వచ్చిన బండ్లలోనే జనం ఇంటిదారి పట్టేవారు. ఆ రాత్రి బండిలో వారు మాట్లాడుకొన్న మాటలే ఆయనకు దక్కిన అసలైన బహుమానం.

పదాలు – అర్థాలు

పొద్దు గూకు = సూర్యుడు అస్తమించు
టాకీ = మాటలు వినిపించే సినిమా
శిస్తు = భూమిపై చెల్లించే పన్ను
సంకల్పించు = నిశ్చయించుకొను
ఛాందసుడు = పాత ఆచారాలను మూర్ఖంగా పట్టుకొని ఉండేవాడు
దుమారం = పెద్ద అలజడి
మైలపడు = అశుచి అగు
గ్రాంథికం = పుస్తకాల్లో వాడే భాష
పామరులు = చదువురానివారు
ఏలుబడి = పాలన
ఆంక్ష = నిర్బంధం
కడపటి = చివరి

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. రామబ్రహ్మం సంపాదకత్వం వహించిన వారపత్రిక ఏది?
2. 'మాలపిల్ల'కు కథ, మాటలు వ్రాసినవారెవరు?
3. 'రైతుబిడ్డ'లో నర్సిరెడ్డి ఇచ్చిన మాట ఏమిటి?
4. 'పల్నాటి యుద్ధం' చిత్రాన్ని ఎవరు పూర్తిచేశారు? ఎందుకు?

ఆ. కింది ప్రశ్నలకు పది వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. నిర్మాత పనికీ, దర్శకుని పనికీ గల తేడాను వివరించండి. రెండూ ఒకరే చేస్తే కలిగే లాభమేమి? చిక్కు ఏమి?
2. 'మాలపిల్ల' కథలో రచయిత చూపిన లోటు ఏది? దానితో మీరు ఏకీభవిస్తారా? కారణాలు వ్రాయండి.
3. "జమీందారీ విధానాన్ని విమర్శించే చిత్రానికి డబ్బు జమీందారీనుంచే వచ్చింది." ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.

ఇ. కింది జాతీయాలను సొంతవాక్యాలలో ఉపయోగించండి.
ముక్కున వేలువేసుకొను, గుండె కరుగు, ఏటికి ఎదురీదు, ఆకాశంనుంచి ఊడిపడు

ఈ. సంధులు విడదీసి, సంధి పేరు వ్రాయండి.
దేవాలయం, భాషోద్యమం, స్వాతంత్ర్యోద్యమం

ఉ. విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు తెలపండి.
తల్లిదండ్రులు, రైతుబిడ్డ, మహానటుడు

ఊ. ఇవి చేయండి.
1. బరంపురం, పర్లాకిమిడి, బళ్ళారి, మధుర, తిరువణ్ణామలై ఊళ్ళను పటంలో గుర్తించండి. ఈ పాఠంలో ఒక్కొక్క ఊరితో సంబంధం ఉన్న వ్యక్తి లేదా సంఘటన ఏదో వ్రాయండి.
2. డేరా సినిమా చూసిన పెద్దలు మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని ఉంటే వారిని అడిగి, వారు చెప్పిన విషయాలను వారి మాటల్లోనే వ్రాసి తరగతిలో చదవండి.